బావ గిరిగిరి నడుపుతున్నాడు, అడిగే హక్కు నాకుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. మా చర్చిలో యూత్ లీడర్‌ని కూడా. మా పెద్దక్క భర్త అదే చర్చిలో సంఘ పెద్ద. నాన్న పోయాక నా డిగ్రీ, బీఎడ్ ఫీజులు బావే కట్టాడు. పదిహేనేళ్లుగా ఆయన గిరిగిరి, అంటే రోజువారీ వసూలు చేసే అప్పుల వ్యాపారం, నడుపుతున్నాడు. మా చర్చికే వచ్చే ఒకామె తెల్లారకముందే లక్ష్మీపురం మార్కెట్‌లో కూరగాయలు ఎత్తుకొని బండి మీద అమ్ముకుంటుంది. భర్త లేడు. ఆమెకు 10,000 అని రాసి 8,500 చేతికిచ్చాడు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. జ్వరమొచ్చి పదిహేను రోజులు ఆగిపోతే రోజుకు 50 ఫైన్ వేశాడు. ఆమె ఏటీఎం కార్డు, సంతకం పెట్టిన ఖాళీ ప్రామిసరీ నోటు బావ దగ్గరే ఉన్నాయి. పోయిన నెల ప్రభురాత్రి భోజన సంస్కారం రోజున ఆయన రొట్టె పళ్లెం పట్టుకొని ఆమె వరుస దగ్గరికి రాగానే ఆమె లేచి బయటికి పోయింది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అక్కతో అంటే 'నా సంసారంలో నిప్పులు పోయకురా' అంది. ముగ్గురు ఫ్రెండ్స్‌కు చెప్పుకున్నాను. యూత్ గ్రూపులో పేరు పెట్టకుండా 'సంఘ పెద్దల్లో ధనాపేక్ష పోవాలి' అని ప్రార్థన మనవి పెట్టాను. బావ నాకు చేసిన అన్యాయం ఏమీ లేదు. మరి నాకు అడిగే హక్కు ఉందా? ఇట్లా అడగడం ప్రేమ అవుతుందా? వినకపోతే క్రిస్మస్‌కు అక్క ఇంటికి పోవాలా, మానాలా?
- ఒక సోదరుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ రొట్టె పళ్లెం దగ్గరే ఆగిపోయాను. ఆమె నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. లేచి పోయింది, అంతే. మీ సంఘంలో ఇప్పటిదాకా మీ బావను గద్దించింది ఆమె ఒక్కతే అనిపించింది నాకు.

ముందు ఆ ప్రార్థన మనవి సంగతి తేల్చుకుందాం. చాడీకి ఆదివారం బట్టలు తొడిగితే మన చర్చిల్లో దానికి ప్రార్థన మనవి అని పేరు. మీరు పేరు పెట్టలేదు, నిజమే. కానీ ధనాపేక్ష ఉన్న సంఘ పెద్ద అంటే ఎవరో ఊహించుకోవడానికి మీ యూత్ పిల్లలకు ఎంతసేపు పడుతుంది? ఆ ముగ్గురు ఫ్రెండ్స్ ఇంకో ముగ్గురికి చెప్పి ఉంటారు. ఇంతమందికి తెలిసిన మాట మీ బావకు మాత్రం మీ నోటి నుంచి చేరలేదు. ఆ మెసేజ్ తీసేయండి. ఫ్రెండ్స్‌కు ఫోన్ చేసి, 'ఆయనతో అనాల్సింది మీతో అన్నాను, తప్పు నాదే' అని చెప్పండి. సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గు మీ బావ ముందు కూర్చున్నప్పుడు మీకు పనికొస్తుంది.

ఇక హక్కు. మత్తయి 18వ అధ్యాయం 15వ వచనం మీ మనసులో ఉండే ఈ ప్రశ్న వేశారనుకుంటాను. 'నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేసిన యెడల' అని ఉంది కదా, నాయెడల చేయలేదు కదా, మరి నాకేం సంబంధం అని. ఆ 'నీయెడల' అన్న మాట చాలా పాత గ్రీకు ప్రతుల్లో కొన్నింటిలో లేదు. లూకా 17:3లో అసలే లేదు. అక్కడ 'సహోదరుడు తప్పిదము చేసినయెడల అతని గద్దించుము' అనే ఉంది, వెంటనే మారుమనస్సు పొందితే క్షమించమని ఉంది. ఇంకా వెనక్కి పోతే లేవీయకాండము 19:17. హృదయంలో సహోదరుని మీద పగపట్టకూడదు, పొరుగువాని పాపం నీ మీదికి రాకుండా 'తప్పక' వానిని గద్దించాలి అంటుంది. హెబ్రీలో ఆ క్రియ రెండుసార్లు వస్తుంది, అందుకే మన తెలుగులో 'తప్పక' అని పడింది. దాని కింది వచనం ఏమిటో చూడండి. 'నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను.' మనం క్యాలెండర్ల మీద వేసుకునే ఆ వాక్యం గద్దింపుకు పక్కింట్లోనే ఉంది. అడగడం ప్రేమ అవుతుందా అన్నారు. మోషే ధర్మశాస్త్రంలో ఈ రెండింటికీ మధ్య ఒక గీత కూడా లేదు. అక్కడ అడగకపోవడానికి ఉన్న పేరు పగ. మీకు నెల రోజులుగా నిద్ర పట్టకపోవడంలో అది కొంచెం ఉందేమో చూసుకోండి.

అయితే 'గద్దించు' అన్న తెలుగు మాట మనల్ని కొంత పక్కదారి పట్టించింది. మన వాడుకలో గద్దించడమంటే గొంతు పెంచడం, పిల్లల మీద కళ్లెర్రజేయడం. మత్తయి వాడిన గ్రీకు మాట ఎలెంఖో. ఉన్నది వెలుగులో పెట్టి చూపించడం, తప్పు తప్పని ఒప్పుకునేలా చేయడం అని దాని అర్థం. మీరు లెక్కల టీచర్, మీకు నేను చెప్పనక్కర్లేదు. పిల్లాడి లెక్క తప్పితే అరిస్తే రాదు. పక్కన కూర్చొని ఏ స్టెప్పులో తప్పిందో వేలు పెట్టి చూపాలి.

కాబట్టి మీ బావ లెక్కే చేద్దాం. చాలామంది గిరిగిరి నడిపేవాళ్లు 'నేను వడ్డీ ఎక్కడ తీసుకుంటున్న, కటింగే గదా' అంటారు. 10,000కు 1,500 కటింగ్, అంటే నూటికి పదిహేను, అంతే కదా అనుకుంటారు. కానీ ఆమె చేతికి వచ్చింది 8,500. అది కూడా వంద రోజులూ ఆమె దగ్గర ఉండదు. రోజుకు 100 కడుతూ పోతుంది కాబట్టి సగటున ఆమె వాడుకున్నది 4,250. దాని మీద వంద రోజులకు 1,500. నెలకు పంచితే నూటికి పది రూపాయల పైనే. బజారులో 'ఐదు రూపాయల వడ్డీ' అంటేనే అమ్మో అంటాం. మీ బావ ఈ లెక్క ఎప్పుడూ కాగితం మీద వేసి చూసుకొని ఉండడని నా అనుమానం. చాలామంది చూసుకోరు, చూసుకుంటే నిద్ర పట్టదని.

ఇప్పుడు నెహెమ్యా 5వ అధ్యాయం తీయండి. కరువులో జనం పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టారు, పిల్లలు దాస్యంలోకి పోయారు. నెహెమ్యాకు బాగా కోపం వచ్చింది. కానీ వెంటనే అరవలేదు. తనలో తాను ఆలోచించుకున్నాడు, ఆ తర్వాతే పెద్దలను గద్దించాడు. ఏమని? మీరు మీ సహోదరుల దగ్గర వడ్డీ పుచ్చుకుంటున్నారని. ఎంత వడ్డీ? అక్కడ 'నూరవ భాగము' అని ఉంది. నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. మన లెక్కలో రూపాయి వడ్డీ! ఆ రూపాయి వడ్డీకే ఆయన సభ పెట్టాడు.

నేను మిమ్మల్ని చూడమంటున్నది పదో వచనం. నేను, నా బంధువులు, నా దాసులు కూడా అట్లాగే అప్పులిచ్చాం అని ఒప్పుకుంటాడు నెహెమ్యా. ఆ తర్వాత 'మానేయండి' అనడు. మనం మానేద్దాం అంటాడు.

తమ్ముడూ, ఆ 'మనం' మీరు కూడా అనాలి. మీ బీఎడ్ ఫీజు ఏ డబ్బులతో కట్టారో మీరు రాయలేదు. పదిహేనేళ్లుగా గిరిగిరి నడుస్తోందంటే ఆ ఫీజులో కొంత ఎవరి బండి మీది నుంచో వచ్చిందే. అది మీకు తెలియదని నేననుకోను. ఇన్నాళ్లు మీ నోరు కట్టేసింది కృతజ్ఞత ఒక్కటే కాదు. మీ కంట్లో నలుసు లేదు, దూలమే ఉంది. యేసు దూలం తీసుకున్నాక ఊరుకో అనలేదు, తీసుకుంటే అవతలివాడి నలుసు తేటగా కనబడుతుంది అన్నాడు. ఆ తేటదనం మీకు కావాలి. మీ బావతో మాట్లాడే మొదటి మాట ఆయన తప్పు గురించి కాకుండా మీ వాటా గురించి ఉండాలి.

ఇట్లా అనొచ్చు, మీ మాటల్లో మార్చుకోండి: 'బావా, నా చదువు నువ్వు చదివించినవ్. అది నేను మర్చిపోలె. ఆ ఫీజులల్ల గిరిగిరి పైసలు గూడ ఉన్నయని తెలిసి నేను నోరు మూసుకొని కూసున్న. అది నా తప్పు. ఆ కూరగాయలామె సంగతి మనిద్దరం గలిసి సరిజేద్దాం. ఆమె కార్డు, నోటు వాపస్ ఇద్దాం. ఫైన్ పైసలు నేను పెట్టుకుంట.' పదిహేను రోజుల ఫైన్ 750 రూపాయలే కదా. మీ జీతంలో ఇబ్బందే కావచ్చు, కానీ ఆ 750 పెట్టకుండా చెప్పే మాటకూ పెట్టి చెప్పే మాటకూ తేడా మీ బావకు తెలుస్తుంది. డబ్బు మనిషి కదా, ఎవరు ఎంత పెట్టారో ముందు చూస్తాడు.

ఆయన దగ్గరికి పోయే ముందు ఇంకో ఇంటికి పోవాలి. ఆ ఆమెను అడిగారా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆమెతో మాట్లాడినట్టు లేదు. ఆమె కోసం మీకు నిద్ర పట్టడం లేదు గానీ ఆమెకు ఏం కావాలో మీకు తెలియదు. మీరు శనివారం బావతో మాట్లాడితే, ఆయనకు కోపమొస్తే, సోమవారం పొద్దున ఆయన పోయేది ఆమె బండి దగ్గరికే. 'నా మీద చెప్పినవా' అని నలుగురిలో అడిగితే ఏమవుతుందో ఆలోచించండి. మీ ఇంట్లో ఆడవాళ్లను ఎవరినైనా తీసుకొని పోయి కూర్చోండి. ఇట్లా అడుగుదామనుకుంటున్నాను, మీ పేరు చెప్పమంటారా వద్దా అని అడగండి. వద్దంటే ఆమె పేరు లేకుండా మొత్తం గిరిగిరి గురించే మాట్లాడండి. అదే చేత్తో ఇంకో పని. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం వీధి వ్యాపారుల కోసమే. మొదలైనప్పుడు తొలి విడతగా పూచీకత్తు లేకుండా 10,000 దాకా బ్యాంకు లోన్ ఇచ్చేవాళ్లు, సమయానికి కడితే వడ్డీలో రాయితీ కూడా. ఇప్పుడు ఆమెకు ఎంత వస్తుందో కార్పొరేషన్‌లో పట్టణ పేదల పథకాలు చూసే మెప్మా వాళ్లను అడగండి. ఫారాలు నింపడం మీకు వచ్చు, ఆమెకు రాకపోవచ్చు. ఒక గిరిగిరి మూసేసి ఆమెను ఇంకో గిరిగిరి గుమ్మం ముందు వదిలేస్తే మనం చేసిన మేలేమీ లేదు.

ఎక్కడ మాట్లాడాలి? 'నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు.' మనకు ఇది చాలా కష్టం. మన దగ్గర ఏదైనా తేడా వస్తే ముందు పంచాయితీ పెడతాం. పెద్దమనుషులు, నాలుగు కుర్చీలు, చాయ్, ఊరంతా చుట్టూ. మనిషి పరువు పోయాక ఇక ఒప్పుకోవడానికి ఆయన దగ్గర ఏం మిగులుతుంది? యేసు ఆ వరుసను తిప్పేశాడు. చివర రావలసిన పంచాయితీని చివరే పెట్టాడు. ఆదివారం చర్చి అయిపోయాక వద్దు. అక్క వంటింట్లోంచి వింటున్నప్పుడు వద్దు. పొద్దున నడకకు భద్రకాళి బండ్ మీదికి రమ్మనండి, లేదా బండి మీద ఎటైనా కలిసి పోయినప్పుడు. ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన నడుస్తున్నప్పుడు మగవాళ్లు కొంచెం మెత్తబడతారని నాకనిపిస్తుంది.

ఫోన్‌లో మాత్రం వద్దు. నేను ఒకసారి ఒక స్నేహితురాలికి రాత్రి పదకొండింటికి పెద్ద మెసేజ్ రాశాను. మూడు బైబిల్ వాక్యాలు కూడా జోడించాను. చెప్పిన విషయం నిజమే. రెండు నీలం టిక్కులు పడ్డాయి. నాలుగేళ్లయింది, ఆమె మా గడప తొక్కలేదు. ఆ రాత్రి నాకు కావలసింది ఆమె మారడం కాదు, నా గుండె బరువు దిగడం. అది దిగింది, మనిషి పోయింది.

'అతడు నీ మాట వినిన యెడల నీ సహోదరుని సంపాదించుకొంటివి' అని ఆ వచనం ముగుస్తుంది. సంపాదన మాట! రోజూ సంపాదనే చూసుకునే మీ బావ ముందు మీరు చూసుకోవలసింది కూడా అదే. వాదనలో గెలిచి ఇంటికొస్తే మీకు వచ్చిందేమీ లేదు. ఇంకో సంగతి, ఆయన మీకంటే పెద్ద. పెద్దవాణ్ణి తండ్రిగా భావించి హెచ్చరించమని 1 తిమోతి 5:1. గొంతు ఆ కొలతలో ఉండాలి.

చేయి చాచి అన్నం పెట్టినవాణ్ణి ఎట్లా అడగాలి అనే ఇబ్బంది మీకొక్కరికే కాదు. మన దగ్గరే, ఖమ్మం పోయే రైలు దారిలో డోర్నకల్ ఉంది కదా. అక్కడ పనిచేసిన వి.ఎస్. అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు, మీ ఈడే. ఇంకా బిషప్ కాలేదు, అది 1912లో. ఎదురుగా తెల్ల మిషనరీలు. వాళ్లే పిలిచారు. భారతీయ సేవకులను సమానంగా చూడరు, కలిసి కూర్చొని తినరు అన్న బాధ ఆయనది. ఆయన వాళ్ల త్యాగాలను ఒప్పుకున్నారు. బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలనే అర్పించారు అన్నారు. ఆ తర్వాత, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులనివ్వండి అన్నారు. హాల్లో కొందరికి అది మింగుడు పడలేదు. నాకు ఆ ప్రసంగంలో నచ్చేది ఆ 'కూడా'. చేసిన మేలును చెరిపేయలేదు, ఆ మేలు చాటున తప్పునూ దాచలేదు. అది పదిమందిలో అన్న మాట కదా అంటారేమో. పదిమందీ కలిసి చేసే తప్పును పదిమందిలోనే అనాలి. అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించింది కూడా అందుకే, అక్కడ పేతురును చూసి మిగతా యూదులు కూడా భోజనాల బల్ల దగ్గర అన్యుల నుంచి వేరైపోయారు. మీ బావ విషయం ఇంకా ఆ మెట్టుకు రాలేదు.

వినకపోతే? ఒక్కరోజులో వింటాడని నేను అనుకోను. వారం ఆగి మళ్లీ ఒకసారి పోండి. అప్పటికీ లేదంటే ఒకరినో ఇద్దరినో తీసుకుపోవాలి. మీ ముగ్గురు ఫ్రెండ్స్ అందుకు పనికిరారు, వాళ్లు మీ పక్షం. సాక్షులు మీ బలం కోసం రారు. ప్రతి మాటా స్థిరపడడం కోసం వస్తారు, అంటే మీరు తప్పు లెక్క చెబితే మిమ్మల్ని కూడా ఆపాలి. మీ బావ గౌరవించే పాత పెద్ద ఎవరైనా ఉంటారు, పాస్టర్ గారు ఉన్నారు. పాస్టర్ గారు తప్పించుకోవచ్చు. చర్చి రేకుల కింద ఫ్యాన్లు ఎవరి పేరు మీద తిరుగుతున్నాయో నాకు తెలియదు గానీ ఊహించగలను. అయినా అడగండి. సంస్కారంలో పళ్లెం పట్టుకునే మనిషి విషయం సంఘం బయటి గొడవ కాదు.

ఒక్క హెచ్చరిక. ఈ మెట్లన్నీ సహోదరుణ్ణి నిలబెట్టడానికి, నేరాన్ని కప్పిపుచ్చడానికి కాదు. ఆమె ఇంటికి మనుషులను పంపినా, బెదిరించినా, చేయి చేసుకున్నా ఇక ఒంటరిగా మాట్లాడే పని లేదు, ఆమెను తీసుకొని పోలీసుల దగ్గరికి పోవాలి. లైసెన్స్ లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని నిజాం కాలంలో 1349 ఫసలీలో, అంటే 1939-40లో, వచ్చిన చట్టమే మనకు ఉంది. పిల్లల మీద అఘాయిత్యం లాంటివైతే మొదటి మెట్టే చైల్డ్‌లైన్ 1098కో పోలీసులకో ఫోన్. అక్కడ మత్తయి 18 పట్టుకొని గుసగుసలాడే సంఘాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అక్క సంగతి. ఆమెను అనుమతి అడగకండి, కానీ ఆమెకు తెలియకుండా కూడా చేయకండి. 'బావ పరువు తీయనక్కా, నేనూ బావా ఇద్దరమే మాట్లాడుకుంటాం' అని ముందు రోజు చెప్పండి. ఆమె భయం నిప్పుల గురించి. ఆ నిప్పు ఇప్పటికే ఇంట్లో ఉందని ఆమెకూ తెలుసేమో, లేకపోతే మీరు నోరు తెరవగానే ఆ మాట వచ్చేది కాదు.

ఇక క్రిస్మస్. సంఘం మాట కూడా విననివాణ్ణి 'అన్యునిగాను సుంకరిగాను ఎంచుకొనుము' అన్న మాటను మనవాళ్లు వెలివేతకు వాడుకుంటారు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయిని యేసు పిలిచి, ఆయన ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు. ఈ సువార్త ఆ మత్తయి పేరు మీదే ఉంది. లెక్క సరిచేసేదాకా మీ బావ చేతికి పళ్లెం ఇవ్వకూడదని సంఘం అనవచ్చు, అనాలి కూడా. ఆయనతో అన్నం తినడం వేరే సంగతి. పోండి. పిల్లలు మామయ్య కోసం చూస్తుంటారు. బావ పక్కన కూర్చొనే తినండి. ఆయన ఆ మాట ఎత్తితే అదే చెప్పండి, ఎత్తకపోతే ఆ పూటకు వదిలేయండి. పోయే దారిలో మాత్రం ఆ కూరగాయలామె ఇంటి ముందు బండి ఆపి, కార్డు చేతికొచ్చిందా లేదా అని అడిగి పోండి.